రంగు కోడిపిల్లకి అమ్మ ఏది?

పోలవరం అనగానే ఇలాంటి పుస్తకం చదివేవాళ్ళకి ముందు ప్రాజెక్టే గుర్తొస్తుంది. పాపికొండల దిగువన ఉన్న ఆ పోలవరం గురించి, మునిగే ఊళ్ళ గురించి, అక్కడి కొండరెడ్ల గురించి, కోయల గురించి రాయవలసింది ఇంకా చాలా ఉంది. ఈ వ్యాసం మాత్రం ఆ ఊరి గురించి కాదు. గోదావరి సముద్రంలో కలవబోయే చోట, కోనసీమలో, ఇంకో పోలవరం ఉంది. ఐ.పోలవరం. ఆ ‘ఐ’ అంటే ఐలాండ్, గోదావరి పాయల మధ్య లంక. ఎదుర్లంక నుంచి యానానికి వంతెన పడకముందు మా వాళ్ళు పడవ మీదే ఏరు దాటేవారు. ఈ వైపు ఊళ్ళల్లో మా ఎరుకల కుటుంబాలు అక్కడ నాలుగిళ్ళు, ఇక్కడ అయిదిళ్ళుగా ఉంటాయి. తట్టలూ, బుట్టలూ, కోళ్ళగంపలూ అల్లి తీర్థాల్లో, సంతల్లో అమ్మడం మా పెద్దల పని. అందుకని తీర్థాన్ని మేము కొనేవాళ్ళ వైపు నుంచి కాక అమ్మేవాళ్ళ వైపు నుంచి చూస్తూ పెరిగాం. మా గోనెపట్టా పక్కన చాలాసార్లు ఒక మనిషి వచ్చి కూర్చునేవాడు. ఆయన దగ్గరుండే సరుకు గురించే ఈ నాలుగు మాటలూ.

ఆ సరుకు రంగు కోడిపిల్లలు. గులాబీ, ఆకుపచ్చ, నీలం, వంకాయరంగు. ఒక వెడల్పాటి బుట్టలో నూరు, నూటయాభై పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ చియ్యిచియ్యిమంటుంటే తీర్థంలో బూరాల మోత కూడా దాని ముందు వినపడేది కాదు. మా ఇళ్ళల్లో కోడిపిల్లలకేం కొదవ లేదు. పెంట మీద తిరిగేవి, గద్ద తన్నుకుపోయేవి, కాళ్ళకి అడ్డం పడి తిట్లు తినేవి ఎన్నో. అయినా ఆ గులాబీరంగు పిల్లని చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం వేరు. రోజూ చూసే జీవం ఎవరూ చూడని రంగులో ఎదురుగా నిలబడితే, ఇంక లోకంలో ఏదైనా సాధ్యమే అనిపిస్తుంది. ఇలాంటివి పుట్టే దేశం ఎక్కడో ఉందని మేము నిజంగానే అనుకునేవాళ్ళం. అట్టపెట్టెకి బెజ్జాలు పొడిచి, నాలుగు నూకలు వేసి ఇంటికి తెచ్చుకుంటే, దారి పొడుగునా పెట్టె వెచ్చగా, బతికి ఉన్నట్టుగా చేతుల్లో కదిలేది. ఆ కదలిక ఇన్నేళ్ళ తరువాత కూడా అరచేతులు మరిచిపోలేదు.

ఇప్పుడు మా తమ్ముళ్ళూ మేనల్లుళ్ళూ పిల్లల్ని భుజాన ఎక్కించుకుని తీర్థానికి వెళ్ళి, అదే బుట్ట ముందు ఆగుతున్నారు. రూపాయో రెండు రూపాయలో ఉన్నది పదో ఇరవయ్యో అయింది గానీ రంగులు అవే. ఏజెన్సీ వారపు సంతల్లోకి కూడా ఈ బుట్టలు వచ్చేశాయి. “మా చిన్నప్పుడు మేమూ కొనుక్కున్నాంరా” అంటూ తండ్రి డబ్బులు తీస్తాడు. తాను పొందిన ఆశ్చర్యం తన బిడ్డకీ అందాలని ఆయన కోరిక. ఆస్తులు లేని ఇళ్ళల్లో తండ్రి కొడుక్కి ఇవ్వగలిగింది ఇలాంటివే. ఆ కోరికను మేము వెక్కిరించం. ఒక ప్రశ్న మాత్రం అడుగుతాం. ఆశ్చర్యాన్ని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు, దాని వెనక ఉన్నదంతా కూడా ఇవ్వాలా, పైరంగు వరకూ ఇస్తే చాలా?

వెనక ఉన్నదేమిటో ముందు చూద్దాం. మన రాష్ట్రం గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందుంది. అనపర్తి, మండపేట, తణుకు వైపు వెళితే రోడ్డుకి రెండు పక్కలా పొడుగాటి కోళ్ళ షెడ్లు కనిపిస్తాయి. అవి గుడ్లు పెట్టే కోళ్ళు. ఆ జాతి పెట్ట ఏడాదికి మూడు వందలకి పైగా గుడ్లు పెడుతుంది. మన నాటుపెట్ట మామూలుగా అరవై డెబ్భై పెడితే గొప్ప. అలాంటి పెట్టల కోసం హేచరీలో గుడ్లు పొదిగిస్తే పుట్టేవాటిలో ఇంచుమించు సగం పుంజులే అవుతాయి. పుంజు గుడ్డు పెట్టదు. మాంసం కోళ్ళ జాతి వేరు కనుక ఇది తొందరగా కండా పట్టదు. మేత దండగ. అందుకని పుట్టిన రోజే, రెక్క ఈకల పొడుగు చూసో, వెనకభాగం నొక్కి చూసో, పెట్టల్ని ఒక వైపు, పుంజుల్ని ఒక వైపు వేరు చేస్తారు. లోకమంతటా ఇలా వేరు చేసిన పుంజుపిల్లల్ని ఆ రోజే చంపేయడం ఎన్నో ఏళ్ళుగా ఆనవాయితీ. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దాన్ని చట్టం చేసి ఆపింది. మన దగ్గర వాటిలో కొన్ని చవగ్గా అమ్ముడుపోతాయి. కొన్నవాళ్ళు రంగు చల్లి బుట్టకెత్తుతారు. రంగుల దేశం అనుకున్నామే, అది ఇదన్నమాట. అమెరికాలోనూ ఈస్టర్ పండక్కి పిల్లల కోసం ఇలా రంగు కోడిపిల్లల్ని అమ్మేవారు. కొన్ని రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి కూడా.

ఐ.పోలవరం మండలంలోనే మురమళ్ళ ఉంది. వీరేశ్వరస్వామి నిత్యకల్యాణానికి ఎంత పేరో, సంక్రాంతి కోడిపందాలకీ ఆ ఊరికి అంత పేరు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువుల్ని పోట్లాటకి దింపకూడదంటుంది. పందాలు మాత్రం ఏటా జరుగుతూనే ఉంటాయి. బరిలోకి దిగే పుంజుకి బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, వేటమాంసం ఖైమా పెడతారు. ఈత కొట్టిస్తారు. నొప్పులకి కాపడం పెడతారు. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని ఈక రంగుని బట్టి పేర్లు పెట్టి, ఏ రంగు పుంజు ఏ రోజు గెలుస్తుందో శాస్త్రం చెబుతారు. అదే సంక్రాంతి రోజుల్లో, ఆ జనంలోనే, చంకన బుట్టతో రంగు పిల్లలవాడు తిరుగుతుంటాడు. అదీ పుంజే, ఇదీ పుంజే. ఒకదానికి దాని సొంత రంగు వల్లే విలువ. ఇంకోదానికి రంగు పూస్తే తప్ప విలువ లేదు. ఇంతకీ బాదంపప్పు తిన్న పుంజు సాయంత్రానికి ఏ గతి పడుతుందో అందరికీ తెలిసిందే. ముద్దు చేయడం వేరు, బాగు కోరడం వేరు అని మురమళ్ళ బరి చూసిన ఎవరికైనా తెలియాలి.

మళ్ళీ అట్టపెట్టె దగ్గరికి వద్దాం. ఇంటికి తెచ్చిన పిల్ల మొదటి రోజంతా హుషారుగానే ఉంటుంది. గుడ్డులోంచి బయటికి వచ్చేముందు కోడిపిల్ల మిగిలిన పచ్చసొనని తన పొట్టలోకి లాక్కుంటుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు మేత లేకపోయినా నిలబడగలదు. ప్రకృతిలో ఆ ఏర్పాటుకి ఒక అర్థముంది. ముందు పుట్టిన పిల్ల, ఇంకా గుడ్డు పగలని తోబుట్టువుల కోసం అమ్మ కడుపు కింద ఆగాలి కదా. తోబుట్టువుల కోసం దాచిన ఆ సద్దిమూటనే వ్యాపారం వాడుకుంటుంది. హేచరీ నుంచి లారీకి, లారీ నుంచి బుట్టకి, బుట్ట నుంచి మన అట్టపెట్టెకి ప్రయాణం దాని మీదే నడుస్తుంది. మన ఇంటికి వచ్చేసరికి మూట ఖాళీ. మొదటి వారం కోడిపిల్లకి ముప్పై రెండు నుంచి ముప్పై అయిదు డిగ్రీల వేడి కావాలి. తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. పుష్యమాసం చలిలో, నేలమీద, పాతగుడ్డ కప్పిన పెట్టెలో ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది? మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే పెట్టె కదలడం మానేస్తుంది. “వీటికి ఆయుష్షు అంతేరా” అని పెద్దవాళ్ళు పిల్లల్ని ఓదారుస్తారు. అది నిజం కాదు. ఆయుష్షు అంత తక్కువేమీ కాదు. కోడి కోడే. వెచ్చదనం దొరికితే ఏళ్ళు బతుకుతుంది.

ఆ మొదటి రోజున పిల్లలు బాగా మురిసిపోయేది ఇంకొక దానికి. పిల్ల వెంటపడుతుంది. ఎటు నడిస్తే అటు బుడిబుడి పరుగు. “నేనంటే దీనికిష్టం!” అని అరవని బిడ్డ ఉండదు. 1873లో స్పాల్డింగ్ అనే ఆయన, గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్ల కదిలే దేని వెంటైనా వెళుతుందని రాశాడు. తరువాత కొన్రాడ్ లోరెంజ్ 1935లో బాతుజాతి పిల్లల మీద ఈ సంగతినే వివరంగా రాశాడు. కళ్ళు తెరిచాక మొదట కదులుతూ కనబడ్డదాన్ని అవి అమ్మగా ముద్ర వేసుకుంటాయి. లోరెంజ్‌కి 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వెనక వరసకట్టి నడిచే బాతుపిల్లల ఫొటో సైన్సు పుస్తకాల్లో చాలామంది చూసే ఉంటారు. అంటే మన వెంటపడే రంగు పిల్ల మనల్ని ఇష్టపడటం లేదు, అమ్మను వెతుక్కుంటోంది. మనకి దొరికిన ముద్దు దాని వెతుకులాట.

ఈ సంగతి పుస్తకం చదవకుండానే పట్టుకునేది చిన్నపిల్లలే. మా ఇంట్లో ఒక అయిదేళ్ళ పాప తీర్థం నుంచి నీలంరంగు పిల్లని తెచ్చుకుని, వాకిట్లో గంప అల్లుతున్న పెద్దావిణ్ణి అడిగింది: “మామ్మా, దీనమ్మ ఏదే?” తండ్రి నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. వెదురుబద్ద పక్కన పెట్టి, “దీనికి అమ్మ మిషనే” అంది. “మిషనుకి రెక్కలుంటాయా?” అంది పాప.

మిషనుకి రెక్కలుండవు. దాన్ని కన్న పెట్టకి ఉంటాయి గానీ, ఆ పెట్ట కూడా మిషనులోనే పుట్టింది. ఏటేటా ఎక్కువ గుడ్ల కోసం ఏరి ఏరి జత కట్టించడంలో ఆ జాతికి పొదిగే బుద్ధే పోయింది. పొదగడానికి కూర్చున్న పెట్ట గుడ్లు మానేస్తుంది కనుక, వ్యాపారానికి పొదుగు ఒక జబ్బు. మన గిరిజన గ్రామాలకి పెరటికోళ్ళుగా ఇచ్చిన వనరాజా రకం కూడా పొదగదు. దాని గుడ్లు తెచ్చి నాటుపెట్ట కింద పెట్టాలని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నారు.

మా కులం పేరులోనే ఎరుక ఉంది. ఎరుక అంటే తెలిసి ఉండటం. బుట్ట పట్టుకుని ఊరూరా తిరిగి ఎరుక చెప్పిన మా ఆడవాళ్ళు ఎదుటి మనిషి చెయ్యి చూసి, ఆ ఇంటి కష్టసుఖాలు పట్టి, మాట్లాడేవాళ్ళు. వాళ్ళు చెప్పింది జరిగిందా లేదా అన్నది వేరే సంగతి. ముందు వాళ్ళు చేసే పని, కూర్చోబెట్టి అడగడం: ఎవరి బిడ్డవి, ఎక్కణ్ణుంచి వచ్చావు, ఇంట్లో ఎవరెవరున్నారు. ఆ పాప రంగు పిల్లని అడిగిందీ అదే. ఆశ్చర్యానికి ఎరుక శత్రువని, తెలిసిపోతే మజా పోతుందని చాలామంది అంటారు. మాకలా అనిపించదు. రంగు చూసి కలిగే ఆశ్చర్యం రంగుతో వెలిసిపోతుంది. రెక్క ఈకలు వారం తిరక్కుండానే తెల్లగా వస్తాయి. నెల, నెలన్నరకి నూగంతా రాలి ఒంటి నిండా ఈకలు వచ్చేస్తాయి. పొట్టలో సద్దిమూట ఉందన్న సంగతి తెలిసిన ఆశ్చర్యం ఎప్పటికి వెలుస్తుంది?

మా మాటకి ఎదురు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాటల్లో బరువుంది. ఎలాగూ చంపేసే పిల్లలే కదా, నాలుగు రోజులైనా ఒక బిడ్డ చేతిలో ముద్దుగా బతికితే తప్పేమిటి, అంటారు కొందరు. ఇంకొకరు చేసిన అన్యాయం మనకి అనుమతిపత్రం కాదు. కానీ ఇక్కడ మా సమాధానం పూర్తిగా తేలిగ్గా లేదు. కొనకపోతే ఆ పిల్ల బతకదు, కొంటే రేపు ఇంకో బుట్ట వస్తుంది. కొనవద్దని ఆజ్ఞ వేయడం కంటే మేము ఒకటి చెబుతాం. పది రూపాయలకి కొన్నది బొమ్మ కాదు, మూడు వారాల రాత్రి కాపలా. రాత్రంతా వెలిగే బల్బు, చలిగాలి తగలని మూల, నూకలు, నీళ్ళు. అమ్మ పని చేయగలిగితే కొనండి. చేయలేకపోతే ఆ బుట్ట ముందు నిలబడి చూసి రండి. చూడటానికి డబ్బులక్కరలేదు.

ఇంకొందరు, మీరు కోళ్ళని కోసుకు తినేవాళ్ళు, మీకీ జాలెందుకు, అంటారు. ఈ మాట మన మీద ఎప్పుడూ వేసేదే. మేము కోడిని తింటాం. అమ్మవారికి మొక్కుకుని కోస్తాం, చుట్టమొస్తే కోస్తాం. అందులో దాపరికం లేదు. కానీ ఆ కోడి ఎవరి పెట్ట పిల్లో, ఏ వానలో తడిసిందో, ఏ పిల్లిని తప్పించుకుందో ఆ ఇంట్లో పసివాడికి కూడా తెలుసు. కోసిన రోజు వాడు ఏడుస్తాడు, తరువాత తింటాడు. రెండూ దాని ముందే చేస్తాడు. రంగు పిల్ల విషయంలో వాడికి తెలిసింది ఒక్క రోజు బతుకే. ముందు లేదు, వెనక లేదు. బుట్ట మోసే మనిషిని కూడా మేము తప్పుపట్టం. ఎండలో మా పక్కనే కూర్చుని, మా కుండలో నీళ్ళే తాగి, సాయంత్రానికి మిగిలిన పిల్లల్ని లెక్కపెట్టుకునే పేదవాడాయన. ఆ పిల్లల్ని పారేసే వరసలో ఆయన కూడా ఆఖరి మెట్టు మీదే ఉన్నాడు.

ఉపాధ్యాయ మిత్రులు ఇంకొకటి ఆలోచించాలి. ఐక్యరాజ్యసమితి 1994లో ఆగస్టు 9ని ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించింది. మన బడుల్లో ఆ రోజు జరుపుకోవడం మంచి సంగతే. కానీ చాలాచోట్ల ఏం జరుగుతోంది? పిల్లల మొహాలకి తెల్లచారలు, ఎర్రచుక్కలు పూస్తారు. నడుముకి మామిడాకులు కడతారు. తలకి కోడి ఈకలు గుచ్చుతారు. చేతికి అట్టతో చేసిన బల్లెం ఇచ్చి హుర్రుహుర్రుమనమంటారు. మన రాష్ట్రంలో ముప్పైకి పైగా తెగలున్నాయి. ఆ వేషం వాటిలో ఏ ఒక్కదాని కట్టుబొట్టూ కాదు. కోయ అమ్మాయి తన అమ్మ చీరకట్టుతో వేదికెక్కితే చప్పట్లు పడవు, రంగు పూసుకుంటే పడతాయి. చూసేవాళ్ళకి ఆశ్చర్యం, ఫొటో, మధ్యాహ్నానికి అయిపోయింది. మర్నాడు ఆ బిడ్డ హాస్టల్లో జ్వరంతో పడుకుంటే చూసేవాళ్ళు ఎంతమంది? మనల్ని కూడా లోకం ఇలాగే బుట్టలో పెట్టి చూసింది, చూస్తోంది. అందుకే రంగు పూసిన జీవాన్ని చూసినప్పుడు, దాని వైపు నుంచి ఆలోచించడం మనకి అందరికంటే తేలిక కావాలి.

మరి పిల్లలకి ఆశ్చర్యం వద్దా అంటే, కావాలి. అది మన ఇళ్ళల్లో గంప కింద ఇంకా ఉంది. బడి ఆవరణలో ఒక మూల పొదుగు పెట్టని కూర్చోబెట్టవచ్చు. ఇరవై ఒక్క రోజుల పని. కింద గడ్డి, చుట్టూ గంప, పక్కన నీళ్ళు. ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డుని టార్చి ముందు పెడితే, లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. మధ్యలో నల్లచుక్క మినుకుమినుకుమంటుంది. మేము ఎంతమంది పిల్లలకి చూపించామో, ప్రతి ఒక్కరూ ఊపిరి బిగబట్టారు. ఇరవయ్యో రోజుకి ఇంకా పగలని గుడ్డులోంచే పిల్ల సన్నగా అరుస్తుంది, పైనున్న పెట్ట గొంతు తగ్గించి జవాబిస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినబడుతుంది. కొన్ని గుడ్లు మురిగిపోతాయి. ఒక పిల్లని గద్ద ఎత్తుకుపోతుంది. దాన్నీ పిల్లలు చూడాలి. సైన్సు మాస్టారు చెప్పవలసింది సగం పెట్టే చెప్పేస్తుంది. మిగతా సగానికి ఆ ఊళ్ళో కోళ్ళు పెంచే ముసలావిణ్ణి ఒక పూట బడికి పిలిస్తే చాలు. ఆవిడ బడి మెట్లెక్కడం అదే మొదటిసారి కావచ్చు.

నీలం పిల్ల సంగతి చెప్పకుండా ఆపితే చదివినవాళ్ళు అడుగుతారు. మామ్మ ఆ రాత్రి దీపం ఆర్పించింది. అప్పటికి రెండు రోజుల క్రితమే పిల్లల్ని దింపిన పెట్ట ఒకటి గంప కింద ఉంది. చీకట్లో చెయ్యి పెట్టి, దాని రెక్క సందులోకి నీలం పిల్లని మెల్లగా తోసింది. పగలైతే రంగు చూసి పొడిచి చంపుతుంది, చీకట్లో గొంతూ వెచ్చదనమే తెలుస్తాయి, అని పాపకి చెప్పింది. తెల్లవారాక కొన్ని పెట్టలు అప్పుడు కూడా తరిమేస్తాయి. ఈ పెట్ట ఒకసారి తల వంచి చూసి, మట్టి గీరి, కొక్కొక్కుమని పిలిచింది. నాలుగు మట్టిరంగు పిల్లలతో పాటు నీలంది కూడా పరుగెత్తింది. పాప వెంట రావడం ఆ రోజుతో మానేసింది. పాప ఒక పూట అలిగింది. పది రోజులకి దాని రెక్కలు తెల్లబడ్డాయి, తల మీద మాత్రం నీలం ఇంకొన్నాళ్ళు ఉంది.